తమ్ముడి చెయ్యి పోయింది, నష్టపరిహారం కేసు ఎక్కడ, ఎలా వేయాలి?

చెల్లెమ్మా, మీరు రాసింది మొత్తం చదివాను. మీది టెక్కలి దగ్గర ఊరు. తమ్ముడికి 27 ఏళ్లు, చెన్నైలో సెంట్రింగ్ పని. బండి మీద వెళ్తుంటే లారీ గుద్ది కుడి చెయ్యి మోచేతి కింద తీసేశారు. నాలుగు నెలలైంది. ఇన్సూరెన్స్ తరఫున అంటూ ఒకాయన ఇంటికొచ్చి రాజీకి తొందరపెడుతున్నాడు. చెన్నైకి తిరగలేం, ఏం చేయాలి అని అడిగారు.

నాది గరివిడి దగ్గర పల్లెటూరు. టైల్స్ మేస్త్రిని. వ్యాన్ గుద్ది ఎడమ కాలు మోకాలి కింద పోయింది. విజయనగరం కోర్టులో కేసు నడిపి పరిహారం తెచ్చుకున్నాను. అందుకే మీకు రాయాలనిపించింది.

మీరు తొందరపడాల్సింది రాజీకి కాదు, పిటిషన్‌కి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ పిటిషన్ వేయాలి. అంటే మీ చేతిలో ఉన్నది రెండు నెలలే. చెన్నై వెళ్లి కేసు వేయక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ బాధితుడు నివాసం ఉండే చోట కూడా కేసు వేయనిస్తుంది. ఆధార్ మీ ఊరి చిరునామాతో ఉంటే శ్రీకాకుళం జిల్లా కోర్టుకే వెళ్లండి. ప్రమాదాల ట్రిబ్యునల్ అక్కడే. చెన్నై పోలీసుల దగ్గర నుంచి మాత్రం ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, లారీ ఆర్సీ, పాలసీ నకళ్లు తెప్పించుకోవాలి. తమ్ముడితో కలిసి పనిచేసే మనవాళ్లు ఎవరైనా అక్కడుంటే వాళ్లకి చెప్పండి.

లాయరుకి డబ్బుల్లేవన్నారు. వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, లేదా 15100కి ఫోన్ చేయండి. సొంతంగా లాయర్ని పెట్టుకుంటే ఫీజు ముందే మాట్లాడుకోండి. వచ్చిన పరిహారంలో ఇంత వాటా అని లాయర్లు ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం.

ఇక అసలు విషయం. సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యం ఎంతో డాక్టర్లు రాసిచ్చేది) ఎంత శాతం వేస్తే అంత డబ్బు వస్తుందని ఊళ్లో అందరూ చెబుతారు. అది నిజం కాదు. కోర్టు చూడాల్సింది చెయ్యి ఎంత పోయిందని కాదు, సంపాదన ఎంత పోయిందని. సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో ఈ మాట విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టే, అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు అని ఉదాహరణ కూడా ఇచ్చింది. మీ లాయరుగారికి ఈ తీర్పు తెలిసే ఉంటుంది. అయినా మీరు గుర్తు చేయండి.

లెక్క ఎలా మారిపోతుందో చూడండి. నెలకి 15,000 సంపాదన రుజువైందనుకుందాం. సొంతంగా పని చేసుకునే 40 ఏళ్లలోపు వాళ్లకి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు, 21,000 అవుతుంది. ఏడాదికి 2,52,000. దాన్ని వయసుని బట్టి ఉండే గుణకంతో హెచ్చవేస్తారు. 26 నుంచి 30 ఏళ్ల వయసుకి గుణకం 17, మొత్తం 42,84,000. సంపాదన నష్టం ఇందులో 60 శాతం అని తీసుకుంటే 25,70,400. 90 శాతం అయితే 38,55,600. ఇన్సూరెన్స్ వాళ్లేమో "సర్టిఫికెట్‌లో చేతికి 60 శాతం అంటే మొత్తం శరీరానికి 30 లెక్క" అని వాదిస్తారు. అప్పుడది 12,85,200కి పడిపోతుంది. మనిషీ అదే, గాయమూ అదే. అందుకే పని గురించిన సాక్ష్యం గట్టిగా ఉండాలి.

నా సర్టిఫికెట్‌లో 60 శాతం వేశారు. కృత్రిమ కాలితో నడుస్తున్నావు కదా, పని చేసుకోలేవా అని ఇన్సూరెన్స్ లాయరు అడిగారు. మా లాయరుగారు నన్ను టైల్ ఎలా పరుస్తారో చెప్పమన్నారు. గొంతుక్కూర్చోవాలి. మాలు పరిచి, టైల్ దించి, రబ్బరు సుత్తితో తట్టి, మట్టం చూసుకుని, లేవకుండా అలాగే వెనక్కి జరగాలి. గది మొత్తం అయ్యేదాకా బరువంతా మడమల మీదే. నా కృత్రిమ కాలికి మడమ దగ్గర వంగడం లేదు. బలవంతంగా కూర్చుంటే సాకెట్ (మిగిలిన కాలు దూర్చే తొడుగు) అంచు మోకాలి కింద ఒరుసుకుని పుండు పడుతుంది. ఇదంతా జడ్జిగారు రాయించుకున్నారు. 80 శాతం సంపాదన నష్టంగా తీసుకున్నారు.

మీ తమ్ముడి చేత కూడా ఇలాగే చెప్పించండి. మేకు ఒక చేత్తో పట్టుకోకుండా రెండో చేత్తో సుత్తి వేయలేడు. పరంజా ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి. పైగా పోయింది కుడి చెయ్యి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరుగారిని సాక్షిగా పిలిపించాలి, కాగితం ఒక్కటే సరిపోదు. సంపాదనకి పేస్లిప్ లేదని టెన్షన్ పడొద్దు. ఫోన్‌పేలో ఇంటికి పంపిన డబ్బు, బ్యాంకు పాస్‌బుక్, కూలి ఇచ్చిన మేస్త్రి సాక్ష్యం, ఇవన్నీ పనికొస్తాయి.

కృత్రిమ చెయ్యి ఖర్చు విడిగా అడగండి. ఇది చాలామంది పిటిషన్‌లో రాయరు. అది ఒకసారి కొంటే జీవితాంతం ఉండేది కాదు. మొదట్లో స్టంపు (తీసేయగా మిగిలిన చెయ్యి) సన్నబడుతుంది, సాకెట్ వదులవుతుంది, మార్చాలి. ఆ తర్వాత కూడా కొన్నేళ్లకోసారి కొత్తది కావాలి. తయారుచేసే వాళ్ల దగ్గర ధర, రిపేరు, ఎన్నేళ్లు మన్నుతుంది అన్నది ఎస్టిమేట్‌గా రాయించుకుని పిటిషన్‌కి జతచేయండి. అన్నం కలిపి పెట్టడానికి, స్నానానికి మీ అమ్మగారు పక్కనే ఉంటున్నారని రాశారు. దానికి కూడా పరిహారం ఉంటుంది, అది అడగడంలో సిగ్గు లేదు.

ఆ రాజీ మనిషి ఇచ్చే ఏ కాగితం మీదా తమ్ముడి వేలిముద్ర గానీ సంతకం గానీ పెట్టించొద్దు. రాజీ కావాలంటే కేసు వేశాక లోక్ అదాలత్‌లో చేసుకోవచ్చు, డబ్బు త్వరగా వస్తుంది. కానీ అక్కడ అవార్డు (తీర్పు) అయిపోతే అప్పీలు ఉండదు. పైన చెప్పిన లెక్క మీ లాయరుతో కూర్చుని వేయించుకుని, ఆ అంకె చేతిలో పెట్టుకుని వెళ్లండి.

సదరం స్లాట్ కోసం రేపే సచివాలయానికి వెళ్లండి. చెన్నై ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లుల ఒరిజినల్స్ ఒక్కటీ పారేయొద్దు. ఎఫ్ఐఆర్ నకలు రాగానే ఇక్కడే చెప్పండి చెల్లెమ్మా. తప్పు ఎవరిదని రాశారో, అందులో తమ్ముడి మీద ఏమైనా నెట్టారో ముందు అది చూడాలి.