లినక్స్ కోసం చప్పుడు చేయని పాత లాప్‌టాప్: విశాఖలో ఏది కొనాలి?

మీ అమ్మాయి చదువుకునే గదిలోనే మీరూ రాత్రి పని చేసుకోవాలి, ఫ్యాన్ మోత ఉండకూడదు, విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ నడవాలి. మీ అవసరం ఇదే అయితే కంపెనీ పేరు తర్వాత చూద్దాం, ముందు ప్రాసెసర్ పేరు చివరి అక్షరం చూడండి. ఐ5-8250యు లాంటి ‘యు’ రకం 15 వాట్లది. ‘హెచ్’, ‘హెచ్‌క్యూ’ అని ఉంటే సాధారణంగా 45 వాట్లు. అంత వేడి బయటికి పోవాలంటే ఫ్యాన్ గట్టిగా తిరగక తప్పదు. విడిగా ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవి కూడా వదిలేయండి. మోతకు మోత, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్ల) తలనొప్పి అదనం.

నేను వాడేది 2018 నాటి లెనోవో థింక్‌ప్యాడ్ టీ480. రాసుకుంటున్నంతసేపూ దాని ఫ్యాన్ చాలావరకు ఆగే ఉంటుంది, వీడియో కాల్ మొదలైతే మాత్రం లేస్తుంది. ఇదే మోడల్‌లో ఎన్విడియా ఎంఎక్స్150 కార్డు ఉన్నవీ వచ్చాయి, అవి వద్దు. ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉండటం దీనిలో నాకు బాగా నచ్చిన విషయం. అసలు ఫ్యానే లేనిది కావాలంటే తక్కువ కరెంటుతో నడిచే ఇంటెల్ కోర్ ఎం ప్రాసెసర్‌తో వచ్చిన డెల్ లాటిట్యూడ్ 7370 ఉంది. కాకపోతే దాని ర్యామ్ పెంచుకోలేరు, మన మే నెల ఉక్కపోతలో వేడెక్కి నెమ్మదిస్తుంది కూడా.

బేరానికి పనికొచ్చే మాట ఒకటి: విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఆరు, ఏడో తరం ప్రాసెసర్లలో దాదాపు వేటినీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. లినక్స్‌కు ఆ పట్టింపు లేదు. కాబట్టి ఆ తరాల ప్రాసెసర్లున్న థింక్‌ప్యాడ్ టీ470, డెల్ లాటిట్యూడ్ 7480 లాంటివి కనిపిస్తే ధర గట్టిగా తగ్గించమని అడగండి.

విశాఖలో అన్నిటికంటే ముఖ్యం ఉప్పుగాలి. సముద్రానికి దగ్గర ఇళ్లలో ఏళ్ల తరబడి వాడిన లాప్‌టాప్ పైకి తళతళలాడుతున్నా అడుగున మరలు, యూఎస్‌బీ అంచులు తుప్పు పట్టి ఉండవచ్చు. అలాంటిది ఎంత చవకైనా నేను ముట్టుకోను. ఫ్యాన్ అరిగిపోతే మార్చుకోవచ్చు, లోపలి మదర్‌బోర్డుకు తుప్పు పడితే బాగుచేయడం చాలా కష్టం.

కొనడానికి వెళ్లేటప్పుడు లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) ఎక్కించిన పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి, లాప్‌టాప్‌ను దానితోనే ఆన్ చేసి చూడండి. ద్వారకానగర్ రోడ్డు హోరులో ఏ ఫ్యానూ వినిపించదు, అందుకని దుకాణంలో లోపలి గదిలో పరీక్షించనివ్వమని అడగండి. పది నిమిషాలు వీడియో నడిపి గాలి వచ్చే చోట చెవి పెట్టండి. హుష్షుమనే గాలి శబ్దం మామూలే. గరగరమంటే ఫ్యాన్ పోతోందని అర్థం. ఫ్యాన్ తిరగకపోయినా సన్నగా కీచుమంటుంటే అది బోర్డులోని కాయిల్ (తీగచుట్ట) చేసే శబ్దం, దుమ్ము దులిపినా పోదు. వైఫై, స్పీకర్లు, మూత వేస్తే నిద్రలోకి వెళ్లడం, తెరిస్తే లేవడం కూడా అక్కడే చూసుకోండి. వైఫై కార్డు ఇంటెల్‌దైతే చాలా తలనొప్పి తగ్గినట్టే.

థింక్‌ప్యాడ్ అయితే ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి బయోస్ (కంప్యూటర్ ప్రాథమిక సెట్టింగుల తెర) తెరవండి. ఆఫీసుల నుంచి వచ్చిన వాటికి ఒక్కోసారి బయోస్‌లో ఆ సెట్టింగులకు తాళం వేసే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ ఉండిపోతుంది. దాన్ని దుకాణదారు మీ కళ్ల ముందే తీసేస్తేనే డబ్బు ఇవ్వండి.