పాత టైరు రిమ్మును వదలకపోతే

ప్రశ్న: కారు టైర్లు ఇంట్లోనే మార్చుకోవాలన్న ఉద్దేశంతో, కరెంటుతో పనిలేకుండా చేత్తో నడిపే టైరు ఛేంజర్ ఒకటి కొన్నాను. చాలా ఏళ్లుగా వాడకుండా పడి ఉన్న చక్రాల మీద ప్రయత్నిస్తే టైరు అంచు రిమ్ము నుంచి విడిపోయింది గాని, పొడవాటి కడ్డీని ఎంత బలంగా తిప్పినా టైరు పైకి రాలేదు. కడ్డీ వంగుతున్నట్టు అనిపించి ఆపేశాను. లోపం పరికరంలో ఉందా, నా పద్ధతిలో ఉందా? కొత్త టైరుకు గాలి పట్టేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీరు ఆపేయడమే మంచిదయింది. కడ్డీ వంగేంత బలం పెట్టవలసి వస్తోందంటే, చాలా సందర్భాల్లో లోపం పరికరంలో ఉండదు, టైరు రెండో వైపు ఉంటుంది. టైరు లోపలి అంచును బీడ్ అంటారు. అందులో ఉక్కు తీగల చుట్ట ఉంటుంది. రబ్బరు సాగుతుందేమో గాని ఆ తీగలు సాగవు. పైగా బీడ్ చుట్టుకొలత రిమ్ము పైఅంచు చుట్టుకొలత కంటే తక్కువ. అయినా టైరు బయటకు రాగలుగుతోందంటే, రిమ్ము మధ్యలో చుట్టూ ఒక లోతైన గాడి ఉండడమే అందుకు కారణం. కడ్డీ ఉన్న చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న బీడ్ ఆ గాడిలోకి దిగితేనే, కడ్డీ దగ్గర దాటడానికి కావలసిన వదులు దొరుకుతుంది. బీడ్ గాడిలోకి దిగకుండా గట్టు మీదే ఉండిపోతే మనం లాగేది ఉక్కు తీగను. అది తెగితే టైరు పనికిరాదు, తెగకపోతే రిమ్ము అంచు దెబ్బతింటుంది.

కాబట్టి కడ్డీని తిప్పే ముందు ఎదుటి వైపు టైరు పక్క గోడను మోకాలితో గట్టిగా కిందికి నొక్కి, అలాగే పట్టి ఉంచండి. బీడ్ గాడిలోకి జారగానే కడ్డీ దగ్గర వేలు దూరేంత సందు కనిపిస్తుంది. అది కనిపించేదాకా కడ్డీ జోలికి వెళ్లవద్దు. రిమ్మును ఏ వైపు పైకి పెట్టారన్నది కూడా ముఖ్యమే. గాడి సరిగ్గా మధ్యలో ఉండదు, సాధారణంగా చక్రం బయటి ముఖానికి దగ్గరగా ఉంటుంది. ఆ దగ్గరి వైపును పైకి ఉంచి, రెండు బీడ్‌లనూ అటు నుంచే తీయాలి. ఈ ఒక్క విషయం గమనించక గంటల తరబడి చెమటోడ్చేవారున్నారు.

చిక్కటి సబ్బు నీళ్లు ధారాళంగా వాడండి. బీడ్‌కూ, రిమ్ము అంచుకూ రెంటికీ పూయాలి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్, పెట్రోలు మాత్రం వద్దు. అవి రబ్బరును పాడుచేస్తాయి, జిడ్డు ఆరక మిగిలిపోతే బ్రేకు వేసినప్పుడు రిమ్ము మీద టైరు జారే ప్రమాదం ఉంటుంది. పాత టైరు రబ్బరు బిగుసుకుపోయి ఉంటుంది కనుక కాసేపు ఎండలో ఉంచితే కొంత మెత్తబడుతుంది.

మిగిలిన చక్రాలు విప్పేటప్పుడు ముందుగా వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోనివ్వండి. బీడ్ తుప్పుతో అతుక్కుపోయి ఉంటే ఒకేచోట బలం చూపకుండా, చుట్టూ తిరుగుతూ కొద్దికొద్దిగా నొక్కుతూ రావాలి. గాలి ఒత్తిడిని చూపే సెన్సారు ఉన్న చక్రమైతే వాల్వు దగ్గర నొక్కకూడదు, ఆ సెన్సారు సాధారణంగా వాల్వుకు ఆనుకునే ఉంటుంది. అల్లాయ్ రిమ్ములకు ప్లాస్టిక్ తొడుగులు తప్పనిసరి. పరికరాన్ని నేలకు బోల్టులతో బిగించకపోతే చక్రంతోపాటు అదీ తిరుగుతుంది.

కొత్త టైరు ఎక్కించే ముందు బీడ్ కూర్చునే చోట తుప్పును తీగ బ్రష్షుతో పూర్తిగా వదిలించి, రబ్బరు వాల్వును కూడా మార్చేయండి. టైరు మీది రిమ్ము కొలత, రిమ్ము మీది కొలత ఒకటేనా అని చూడండి. అర అంగుళం తేడా ఉన్నా గాలి పట్టేటప్పుడు బీడ్ తెగి టైరు పేలవచ్చు. తిరిగే దిశను చూపే బాణం గుర్తును గమనించడం మరచిపోవద్దు.

ఇక గాలి విషయం. ఈ మొత్తం పనిలో ప్రాణాపాయం ఉన్న ఘట్టం ఇదొక్కటే కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. వాల్వుకు క్లిప్పుతో పట్టుకుని ఉండే పొడవాటి గొట్టం వాడి, టైరు మీదికి వంగకుండా దూరంగా పక్కకు నిలబడండి. వాల్వు పిన్ను పెట్టకుండా గాలి పడితే అది వేగంగా వెళ్లి బీడ్ తేలికగా కూర్చుంటుంది. కూర్చునేటప్పుడు టప్పుమని రెండు శబ్దాలు వినిపిస్తాయి. గాలి ఒత్తిడి 40 పీఎస్ఐ చేరినా బీడ్ కూర్చోకపోతే అంతకు మించి పెంచకూడదు; గాలి తీసేసి, మళ్లీ సబ్బు నీళ్లు పూసి మొదటి నుంచి ప్రయత్నించాలి. మండే స్ప్రే కొట్టి నిప్పంటించే పద్ధతిని ఎక్కడైనా చూసి ఉంటే దాని జోలికి వెళ్లకండి. బీడ్ కూర్చున్నాక రిమ్ము అంచుకు ఆనుకుని టైరు మీద ఉండే సన్నని గీత చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో రెండు వైపులా చూసి, పిన్ను బిగించి, కారు తయారీదారు చెప్పిన ఒత్తిడికి సరిచేయండి. వీల్ బ్యాలెన్సింగ్ మాత్రం యంత్రం మీద చేయించడమే మేలు.

ప్రశ్న: షెడ్డులో ఉన్న పాత టైర్ల గాళ్లు లోతుగానే ఉన్నాయి. వాటిని తిరిగి ఎక్కించవచ్చా?

జవాబు: గాళ్ల లోతు ఒక్కటే చూసి నిర్ణయించకండి. టైరు పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. చివర మూడే అంకెలుంటే అది 2000కు ముందుది. దాన్ని రోడ్డు మీదికి తీసుకురాకూడదు. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. పదేళ్లు దాటిన టైరును గాళ్లతో సంబంధం లేకుండా మార్చేయమని చాలా కంపెనీలు చెబుతున్నాయి, కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటున్నాయి. అంతకన్నా కొత్తదైనా, పక్క గోడను వంచి చూసినప్పుడు సన్నని పగుళ్లు విచ్చుకుంటే దాన్ని పక్కన పెట్టేయండి. డిక్కీలోని స్టెప్నీ మీద కూడా ఈ అంకెలు చూడండి. వాడకంలోకి రాని ఆ టైరు వయసును చాలామంది పట్టించుకోరు.