దేవుడు క్షమిస్తాడా, మన్నిస్తాడా?

సందేహం: మాది గుంటూరు బ్రాడీపేట. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరుగారు 103వ కీర్తన చదువుతూ దేవుణ్ణి 'దీర్ఘశాంతుడు' అన్నారు. ఈ మాట బైబిల్లో తప్ప నాకింకెక్కడా కనబడలేదు. ఇది సరైన తెలుగేనా? బుద్ధి చెప్పినా మళ్లీ మళ్లీ దారి తప్పేవాణ్ణి దేవుడు ఓర్చుకుంటాడనాలా, సహిస్తాడనాలా, క్షమిస్తాడనాలా, మన్నిస్తాడనాలా? అన్నీ ఒకటే అయితే ఇన్ని మాటలెందుకు?

సమాధానం: అమ్మా, మీరు ఒక్క ఉత్తరంలో నాలుగు క్రియలు అడిగారు. నాలుగూ ఒకటి కాదు. ముందు దీర్ఘశాంతుడి సంగతి చూద్దాం.

'శాంత' అన్నది సంస్కృతంలో విశేషణం. దాని ముందు 'దీర్ఘ' చేర్చి గుణవాచకం చేస్తే ఆ భాషా పండితుడు నొసలు చిట్లించవచ్చు, 'దీర్ఘశాంతి' అనరాదా అని అడగనూవచ్చు. కానీ తెలుగులో 'శాంతము' ఎప్పుడో నామవాచకమైపోయింది. శాంతము లేక సౌఖ్యము లేదని త్యాగయ్యే పాడుకున్నాడు. కనుక సమాసం మనకు చెల్లుతుంది.

అసలు విశేషం మూలంలో ఉంది. హీబ్రూలో ఈ చోట ఉన్న మాటకు అక్షరార్థం 'పొడుగు ముక్కులవాడు'. ఆ భాషలో 'అఫ్' అంటే ముక్కు, కోపం కూడా. కోపం వస్తే ముక్కుపుటాలు అదురుతాయి, ఊపిరి వేడెక్కుతుంది కదా! ముక్కు పొడుగైతే ఆ సెగ బయటికి రావడానికి అంత సేపు పడుతుందన్న మాట. ఇక మన వాడుక చూడండి. ఇట్టే రేగిపోయేవాణ్ణి 'వాడికి ముక్కుమీద కోపం' అంటాం. యెరూషలేములో కోపం ముక్కుమీదే ఉంది, గుంటూరులోనూ ముక్కుమీదే ఉంది! అనువదించినవారు ముక్కును వదిలేసి పొడుగును మాత్రం 'దీర్ఘ'లో నిలుపుకున్నారు. కోపం తెచ్చుకోవడానికి తొందరపడనివాడు అన్న అర్థం చక్కగా వచ్చింది. ఆ మాటకు నా ఓటు ఉంది.

ఓర్పు, సహనం అంటే బరువు దిగేదాకా మోయడం. పాత కావ్యాల్లో 'ఓర్చు'కు గెలవడమన్న అర్థం కూడా ఉంది, ఓర్చినవాడే గెలిచినవాడు. క్షమ అంటే సహనమే, భూమి అని కూడా. నాగలి దించినా గునపం దించినా పలకనిది కాబట్టి నేలకు ఆ పేరు కుదిరింది. ఈ మాటలన్నిటిలో దృష్టి ఓర్చేవాడి మీదే ఉంటుంది. తప్పు చేసినవాడి గతేమిటో ఇవి చెప్పవు.

అది చెప్పేది మన్నించు. ఈ మాట మీద నాకు చిన్నప్పటినుంచీ మక్కువ.

ఈమధ్య గవర్నర్‌పేటలో ఒక శుభలేఖల దుకాణానికి వెళ్లాను. కంప్యూటరు ముందున్న కుర్రాడు 'మా ఆహ్వానమును మన్నించి సకుటుంబముగా విచ్చేసి' అన్న వాక్యంలో 'మన్నించి' కొట్టేసి 'అంగీకరించి' అని పెడుతున్నాడు. ఎందుకు నాయనా అంటే, "పిలవడం తప్పేం కాదు కదండీ, మన్నించడమెందుకు?" అన్నాడు. తప్పు వాడిది కాదు. మన్నించడమంటే సారీకి బదులు చెప్పడమే అని వాడికి నేర్పింది మనమే. రైలు ఆలస్యమైతే 'అసౌకర్యానికి చింతిస్తున్నాము' అంటారు. ఎవరి చింత, దేనికి? 'ఆలస్యమైంది, మన్నించండి' అంటే నోరు నొప్పెడుతుందా? 'క్షమాపణలు' అని ఒకటి బయల్దేరింది. పద్దులో జమ చేస్తారా ఏమిటి, దానికి బహువచనమెందుకు?

మన్నించు అంటే మొదట గౌరవించడం, ఆదరించడం. మన్నన అంటే మర్యాద. 'పెద్దల మన్నన పొందాడు' అంటే పెద్దలు వాణ్ణి క్షమించారని కాదు. 'నా మాట మన్నించి ఇంటికి రా' అంటే నా మాటకు విలువిచ్చి రమ్మని. సంస్కృతంలోని మాన్యం, సమ్మానం ఉన్న కుదుటిలోదే ఇదీ, తద్భవమే అని నేను మొగ్గుతాను. కన్నడంలో 'మన్నిసు'కు గౌరవం, క్షమ రెండూ ఉన్నాయి, తమిళంలో 'మన్నిప్పు' క్షమాపణే. దక్షిణాది భాషల సొంత మాటైనా కావచ్చు, అందుకే మరీ పట్టుబట్టను.

గౌరవించడం క్షమించడంగా ఎలా మారిందని అడుగుతారేమో. లూకా సువార్త 15వ అధ్యాయం తీయండి. తప్పిపోయిన కుమారుడు ఆస్తి తగలేసి, పందులు మేపి, చింపిరి గుడ్డలతో తిరిగొస్తాడు. కూలివాడిగా పెట్టుకోమని అడగాలని దారిపొడుగునా మాటలు కూడబలుక్కుంటాడు. వాడు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తి మెడమీద పడతాడు. 'క్షమించాను' అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాదు. ప్రశస్త వస్త్రం కట్టమంటాడు, చేతికి ఉంగరం పెట్టమంటాడు, కాళ్లకు చెప్పులు తొడగమంటాడు. పట్టుబట్టలు, ఉంగరం, విందు, ఇవన్నీ మన రాజులు కవులకు చేసిన మన్ననలే! తండ్రి వాణ్ణి ఊరికే వదిలేయలేదు, పోగొట్టుకున్న మర్యాదను ఒంటిమీద తొడిగాడు. మన్నించడమంటే అదమ్మా. ఓర్చేవాడు గుమ్మంలో కూర్చునీ ఓర్చవచ్చు, మన్నించేవాడు మాత్రం లేచి ఎదురు వెళ్లాలి.

మన భాగవతంలో అజామిళుడూ ఇలాంటివాడే. వృద్ధాప్యం దాకా దారి తప్పే బతికాడు. 88 ఏళ్ల వయసు వచ్చేదాకా ఓర్చుకున్నాడు దేవుడు! చివరికి కొడుకును 'నారాయణా' అని పిలిచినందుకు విష్ణుదూతలొచ్చి యమపాశం విడిపించారు, బుద్ధి తెచ్చుకోవడానికి వ్యవధి ఇచ్చారు. (ఈ కథ ఉన్న షష్ఠస్కంధాన్ని చాలామంది పోతనకు అంటగడతారు. తెనిగించినది ఏర్చూరి సింగన. ఆయన కష్టం ఆయనకు దక్కనివ్వండి.)

ఇక మీ ప్రశ్నకు తీర్పు. దేవుడు ఓర్చుకుంటాడు, సహిస్తాడు అనవచ్చు, అయితే వాటిలో ఆయనకు మన మీద విసుగున్నట్టు ఒక ఛాయ వినిపిస్తుంది. క్షమిస్తాడు అంటే తప్పుపట్టేదేమీ లేదు. నా చెవికి మన్నిస్తాడు అన్నదే నిండుగా ఉంటుంది, మీ చెవికి వేరేలా వినిపిస్తే కాదనను. చర్చిలో దీర్ఘశాంతుడనే చదవండి. ఇంట్లో మీ అంతట మీరు ప్రార్థన చేసుకునేటప్పుడు 'నన్ను మన్నించు తండ్రీ' అని చూడండి. ఆయన మాటను మనం మన్నించాలన్నా క్రియ అదేనన్నది గుర్తుంచుకోండి.