ఉపగ్రహ కెమెరాల పనిలోకి వస్తానన్న పాపకు

చిరంజీవి పాపకు, పెదనాయన ఆశీస్సులు.

ఈసీఈ అయ్యాక ఉపగ్రహ కెమెరాల వైపు వెళ్తానన్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. అనంతపురంలో చదివిన పిల్లలంతా బెంగళూరు సాఫ్ట్‌వేర్ బస్సెక్కుతున్న రోజుల్లో ఈ మాట వినడం సంతోషంగా ఉంది. అయితే ఇందులో ఫొటోలు తీసే పని తక్కువ, కొలిచే పని ఎక్కువ. మన చుట్టాల్లో సగంమంది నేను ఆకాశంలో ఫొటోగ్రాఫర్‌నని ఇప్పటికీ నమ్ముతున్నారులే.

వార్తల్లో చూపించే మబ్బుల బొమ్మ నిజానికి అంకెల పట్టిక. మన ఇన్సాట్-3డీ వరుస వాతావరణ ఉపగ్రహాల్లోని ఇమేజర్, అంటే కెమెరా, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆరు ఛానెళ్లలో, అంటే ఆరు రకాల కాంతి పట్టీల్లో చూస్తుంది. థర్మల్ ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే కంటికి కనపడని వేడి కిరణాల్లో, ఒక్కో చుక్కా ఒక ఉష్ణోగ్రత. మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తుకు లేచినట్టు. ఆ అంకె తప్పినా బొమ్మ అందంగానే ఉంటుంది, తప్పేది వాన అంచనా. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూసే మన జిల్లాలో ఆ తేడా ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. అందుకే పరికరంలోనే ఉష్ణోగ్రత తెలిసిన బ్లాక్‌బాడీ, అంటే కొలతకు ప్రమాణంగా వాడే నల్లటి వస్తువు, ఒకటి పెడతారు. దాన్నీ, ఖాళీ అంతరిక్షాన్నీ చూసి కెమెరా తన అంకెలు సరిచూసుకుంటుంది. ముందు ఈ కాలిబ్రేషన్ గురించి చదువు. బోర్ కొడితే వేరే దారి చూసుకో, తప్పేం లేదు.

తర్వాత హబుల్ అనే అంతరిక్ష టెలిస్కోపు అద్దం కథ పూర్తిగా చదువు. 1990లో పైకి పంపాక చిత్రాలు మసకగా వచ్చాయి. 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర సుమారు 2 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఎక్కువ అరిగి ఉంది. చెక్కినవాళ్ల పనితనంలో లోపం లేదు. అద్దాన్ని సరిచూసే పరికరంలో ఒక లెన్స్ ఉండాల్సిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్లు తప్పి ఉంది. ఆ తప్పుడు కొలతకు తగ్గట్టు అద్దాన్ని అద్భుతంగా చెక్కారు! నన్ను కలవరపెట్టేది అది కాదు. వేరే సాధనాలు తేడా చూపించాయి. అవి అంత కచ్చితమైనవి కావని పక్కన పెట్టేశారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి చూపు సరిచేశారు. మన వాతావరణ ఉపగ్రహం ఉండే ఎత్తుకు అలా ఎవరూ వెళ్లరు.

ఇలాంటి కెమెరా తయారీని నడిపించే మేనేజర్ ఉద్యోగానికి అసలు పరీక్ష ఇక్కడే. బరువు, కరెంటు, డేటా కోసం ఉపగ్రహంవాళ్లతో బేరాలాడటం అనుభవంతో వస్తుంది. రెండు కొలతలు కలవనప్పుడు మాత్రం కారణం తేలేదాకా సంతకం పెట్టకు. షెడ్యూల్ వెనక్కి పోతుంది, రివ్యూలో పెద్దలు మొహం మాడ్చుకుంటారు, నీకూ టెన్షన్‌గా ఉంటుంది. ఉండనీ.

శుభ్రత చాదస్తం అనుకోకు. 2018లో అమెరికా పంపిన వాతావరణ ఉపగ్రహం గోస్-17లో, కిరణాలను పట్టే డిటెక్టర్లను చల్లబరిచే ఏర్పాటు సరిగా పనిచేయలేదు. డిటెక్టర్ వేడెక్కితే దాని సొంత వేడే సిగ్నల్‌ను ముంచేస్తుంది. కొన్ని ఇన్‌ఫ్రారెడ్ ఛానెళ్లు రాత్రిపూట కొన్ని గంటలు పనికిరాకుండా పోయాయి. లోపల ఏదో చెత్త అడ్డుపడటమే బహుశా కారణమని విచారణలో చెప్పారు. పరికరాలు బిగించే దుమ్ములేని గదికి, అంటే క్లీన్ రూమ్‌కి, పౌడర్ పూసుకుని రావద్దంటే కొత్తపిల్లలు నవ్వుతారు. నువ్వు నవ్వకు.

దారి సంగతి క్లుప్తంగా చెప్తా. ఇస్రో సైంటిస్ట్/ఇంజనీర్ ఉద్యోగాలకు ఎలక్ట్రానిక్స్‌వాళ్లను తీసుకుంటుంది. ఈ కెమెరాల పని ఎక్కువగా అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో జరుగుతుంది, కాబట్టి ఇల్లు వదలడానికి సిద్ధపడు. టెలిస్కోపులే కావాలంటే బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ (ఐఐఏ) వైపు చూడు. 2015లో వెళ్లిన మన ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపును బెంగళూరు దగ్గర హోసకోటెలోని వాళ్ల ల్యాబ్‌లోనే సిద్ధం చేశారు. ఆప్టిక్స్ నీ సిలబస్‌లో తక్కువే ఉంటుంది, సొంతంగా చదువుకో.

ఈ సెమిస్టర్ ల్యాబ్ పుస్తకం నాకు కొరియర్ చెయ్యి. సారుకు చూపించిన ఫెయిర్ రికార్డు వద్దు, కొట్టివేతలున్న రఫ్‌దే కావాలి.

ఇట్లు,
పెదనాయన