హెపటైటిస్ బి సర్టిఫికెట్ 15 రోజుల్లో తెమ్మంటే ఆసుపత్రికి ఏం జవాబివ్వాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా సెలెక్ట్ అయ్యారు. హెపటైటిస్ బి టీకా మూడు డోసుల సర్టిఫికెట్, టైటర్ (టీకా వల్ల రక్తంలో ఎన్ని యాంటీబాడీలు వచ్చాయో చెప్పే పరీక్ష) రిపోర్టు 15 రోజుల్లో ఇవ్వకపోతే జాయినింగ్ ఉండదని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదివేటప్పుడు, రెండేళ్ల కిందట, ఒక్క డోసు పడింది. ఆ తర్వాత వదిలేశారు. వేయించుకోనని చెప్పొచ్చా, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, తెలిసిన క్లినిక్‌లో పాత తేదీలు వేయించుకుంటే పని జరుగుతుందా అని అడిగారు.

ముందు తేదీల లెక్క చూద్దాం, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే తేలిపోతుంది. ఈ టీకా మామూలు షెడ్యూలు 0, 1, 6 నెలలు. టైటర్ చూడాల్సింది ఆఖరి డోసు పడ్డాక ఒకటి నుంచి రెండు నెలల మధ్య. అంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఏడెనిమిది నెలలు పడుతుంది. 15 రోజుల్లో ఇదంతా పూర్తి చేయడం ఎవరి వల్లా కాదు. ఆ మెయిల్ అందరికీ వెళ్లే టెంప్లేటు. దాన్ని పంపినవాళ్లకి ఈ లెక్క తెలియకపోవచ్చు గానీ, అదే ఆసుపత్రిలో ఉండే ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుకి తప్పకుండా తెలుసు. అందుకని మీరివ్వాల్సిన జవాబు తేదీలు వేసిన ఒక కాగితం. ఆ కాగితంలో ఏముండాలో కింద రాస్తాను.

మీ రెండేళ్ల కిందటి డోసు వృథా కాలేదు. మధ్యలో ఎంత గ్యాప్ వచ్చినా మళ్లీ మొదటి నుంచి వేయరు, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. రెండోది ఇప్పుడు వేయించుకోండి. మూడోది రెండోదానికి కనీసం 8 వారాలు, మొదటిదానికి కనీసం 16 వారాలు దాటాక వేయాలి. ఆ 16 వారాలు మీకు ఎప్పుడో దాటిపోయాయి కాబట్టి మీకు మిగిలింది 8 వారాలే. ఆ తర్వాత నెలకి టైటర్. మొత్తం మూడు నెలల పని. కాకపోతే పాత డోసుకి కాగితం కావాలి. కాలేజీలో క్యాంపు పెట్టి వేసి ఉంటే ఆఫీసులో రిజిస్టరు ఉంటుంది, వెళ్లి ఒక అటెస్టెడ్ కాపీ తెచ్చుకోండి. ‘వేయించుకున్నట్టు గుర్తు’ అన్నది లెక్కలోకి రాదు. కాగితం దొరక్కపోతే మూడూ మళ్లీ వేయించుకోవడమే, ఒక డోసు ఎక్కువ పడినందువల్ల నష్టం లేదు.

చిన్నప్పుడే వేసి ఉంటారులే అనుకోవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకిచ్చే ప్రభుత్వ టీకాల్లోకి ఇది 2007-08 విస్తరణలో వచ్చింది, దేశమంతటికీ వచ్చేసరికి 2011. అంతకు ముందు పుట్టినవాళ్లలో చాలామందికి ఇంట్లోవాళ్లు డబ్బు పెట్టి వేయిస్తేనే పడింది. (హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి తెచ్చాకే ధర మామూలు జనానికి అందింది.) పసితనంలో మూడు డోసులూ పడినట్టు కార్డుంటే సంగతి వేరు. ఇన్నేళ్ల తర్వాత వాళ్లకి టైటర్ 10 (రక్షణ ఉందనడానికి కావాల్సిన కనీస అంకె) కంటే తక్కువ రావడం మామూలే. అప్పుడు ఒక్క బూస్టరు వేసి, నెల తర్వాత మళ్లీ చూస్తారు. ఎక్కువమందికి అంకె ఒక్కసారిగా లేస్తుంది.

ఇప్పుడు చాలామంది తలకిందులుగా చేసే పని. రేపు క్లినిక్‌కి వెళ్లినప్పుడు ముందు రక్తం ఇవ్వండి, తర్వాత సూది వేయించుకోండి. రెండూ ఒకేరోజు అయినా ఫర్వాలేదు, వరుస మాత్రం మారకూడదు. రక్తంలో చూడాల్సినవి హెచ్‌బీఎస్‌ఏజీ (వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా అన్నది), టోటల్ యాంటీ హెచ్‌బీసీ (ఎప్పుడైనా వచ్చిందా అన్నది). టీకాలో ఉండేది వైరస్ పైపొర ప్రోటీనే, అదే హెచ్‌బీఎస్‌ఏజీ. టీకా పడ్డాక కొన్నాళ్లు అది రక్తంలో కనబడొచ్చు, 18 రోజుల వరకూ కనబడ్డ సందర్భాలున్నాయి. సోమవారం సూది వేయించుకుని శుక్రవారం ప్రీ-ఎంప్లాయ్‌మెంట్ ప్యానెల్‌కి రక్తం ఇచ్చారనుకోండి, రిపోర్టులో ‘రియాక్టివ్’ అని వచ్చి, లేని జబ్బు మీ ఫైల్లోకి ఎక్కుతుంది. గల్ఫ్ మెడికల్‌లోనూ ఈ పరీక్ష ఉంటుంది. అక్కడికి వెళ్లే నర్సులు, టెక్నీషియన్లు మెడికల్‌కి ముందు కనీసం నెలరోజులు ఈ టీకా జోలికి పోకపోవడం మంచిది. యాంటీ హెచ్‌బీసీ సంగతి అలా కాదు. అది టీకా వల్ల రాదు, అసలు వైరస్ ఒంట్లోకి వచ్చి ఉంటేనే వస్తుంది.

సూది వేసేటప్పుడు జరిగే తప్పులు ఎక్కువ, వాటి ఫలితం మూడు నెలల తర్వాత టైటర్‌లో బయటపడుతుంది. ఇరవై ఏళ్లు దాటినవాళ్లకి డోసు 20 మైక్రోగ్రాములు, మన దగ్గర మామూలుగా దొరికే బ్రాండ్లలో అది 1 మి.లీ. పిల్లల వయల్ 10 మైక్రోగ్రాములు, అర మి.లీ. పెద్దల వయల్ లేదని పిల్లలదే పొడిచి పంపేసే చోట్లు ఉన్నాయి కాబట్టి లేబుల్ చూపించమని అడగండి. వేయాల్సిన చోటు భుజం కండ. పిరుదులో వేస్తే మందు కొవ్వులో నిలిచిపోయి యాంటీబాడీలు సరిగా రావు, అలా వేసిన డోసుని లెక్కలోకి తీసుకోరు.

వయల్‌ని కూడా కళ్లారా చూడండి. కదపకుండా ఉంచిన వయల్‌లో అడుగున తెల్లటి మడ్డి, పైన తేట ఉంటాయి. ఊపితే అంతా కలిసి నీళ్లు కలిపిన పాలలా ఒకే రంగులోకి రావాలి. బాగా ఊపాక కూడా లోపల పలుకులు తేలుతున్నా, గాజు గోడకి రేణువులు అంటుకుని కనబడుతున్నా ఆ మందు ఎప్పుడో గడ్డకట్టి కరిగింది. దీన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మామూలు ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడకి ఆనించి పెడితే గడ్డకడుతుంది. అందులో ఉండే అల్యూమినియం ఉప్పు ఒకసారి గడ్డకట్టి కరిగిందంటే మళ్లీ సరిగా కలవదు, టీకా బలం పోతుంది. ఎండలో కాసేపు ఉన్న వయల్ కంటే ఫ్రీజర్లో గడ్డకట్టిన వయలే ఈ టీకా విషయంలో ఎక్కువ ప్రమాదం. కార్డు మీద తేదీ, బ్రాండు, బ్యాచ్ నంబరు, వేసినవాళ్ల సంతకం, ఈ నాలుగూ రాయించుకోకుండా అక్కడి నుంచి లేవకండి.

టైటర్‌కి వెళ్లినప్పుడు ‘యాంటీ హెచ్‌బీఎస్, క్వాంటిటేటివ్’ అని స్పష్టంగా చెప్పండి. కొన్ని ల్యాబులు ఉంది, లేదు అని మాత్రమే ఇస్తాయి, అది ఆసుపత్రికి పనికిరాదు. అంకె 10 లేదా అంతకంటే ఎక్కువుంటే రక్షణ వచ్చినట్టే, మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకి ఆ తర్వాత బూస్టర్లు అక్కర్లేదు. కొన్నేళ్ల తర్వాత ఆ అంకె పడిపోయినా రక్షణ పోదు. నలభై లోపు ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభై మందికి పైగా ఈ గీత దాటతారు. వయసు పైబడినవాళ్లు, పొగతాగేవాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, సుగరు ఉన్నవాళ్లలో దాటనివాళ్లు కాస్త ఎక్కువ. దాటకపోతే ఇంకో డోసు వేసి చూస్తారు, లేదా ఇంకో మూడు డోసులు పూర్తి చేసి చూస్తారు. మొత్తం ఆరు పడినా రాకపోతే, హెచ్‌బీఎస్‌ఏజీ లేదని నిర్ధారించుకుని, ‘నాన్ రెస్పాండర్’ అని రాసుకుంటారు. అది మీ తప్పు కాదు, ఉద్యోగం తీసేయడానికి కారణమూ కాదు. సూది గుచ్చుకుంటే మీకు టీకా బదులు హెపటైటిస్ బి ఇమ్యూనోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) నెల తేడాతో రెండుసార్లు ఇవ్వాలని మాత్రమే దానర్థం.

వేయించుకోనని చెప్పొచ్చా అన్నదానికి వస్తాను. వైద్యపరంగా నిలబడే కారణాలు రెండే: ఇదే టీకా ఇంతకు ముందు తీసుకున్నప్పుడు తీవ్రమైన అలర్జీ రావడం, ఈస్టుకి గానీ టీకాలోని మరే పదార్థానికి గానీ అలాంటి అలర్జీ ఉండటం. జ్వరం గట్టిగా ఉంటే వాయిదా వేస్తారు, అంతే. గర్భం, పాలివ్వడం అడ్డం కావు. ‘చిన్నప్పుడు కామెర్లు వచ్చాయి, పసరు మందు వాడాను, ఇక రావు’ అనే మాట చాలా వినిపిస్తుంది. పిల్లల్లో వచ్చే కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ వల్ల, దానికీ దీనికీ సంబంధం లేదు.

చట్టం మాటకొస్తే, చాలామంది 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని చూపిస్తారు. టీకా వేయించుకోమని ఎవరినీ బలవంతం చేయకూడదని అందులో ఉన్న మాట నిజమే. ప్రజారోగ్యం కోసం తగిన మోతాదులో షరతులు పెట్టొచ్చని కూడా అదే తీర్పులో ఉంది. పైగా ఆ పరిశీలన కోవిడ్ టీకాల వరకే. రోజూ రక్తం గొట్టాలు పట్టుకునే ఉద్యోగానికి దాన్ని అడ్డం పెట్టుకుంటే నిలబడటం కష్టమని నా అభిప్రాయం. రక్షణ లేని మనిషికి హెపటైటిస్ బి ఉన్న రోగి సూది గుచ్చుకుంటే వైరస్ సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. అందరూ భయపడే హెచ్‌ఐవీకి అది 0.3 శాతం. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ వారం రోజులు బతుకుతుంది. అమెరికాలో అయితే కంపెనీ ఉచితంగా వేస్తానంటుంది, వద్దంటే కేంద్ర నిబంధన ప్రకారం నిరాకరణ పత్రం మీద సంతకం పెట్టొచ్చు, మనసు మారితే తర్వాత ఎప్పుడైనా ఉచితంగానే అడగొచ్చు. మన దగ్గర అలాంటి ఫారం పద్ధతి లేదు.

మీరు గట్టిగా అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి ఖర్చు. 2016 బయోమెడికల్ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్‌లో నాలుగో రూలు ప్రకారం, ఆ వ్యర్థాలు ముట్టుకునే సిబ్బంది అందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాల్సింది ఆసుపత్రి యాజమాన్యమే. చేరేటప్పుడు, ఆ తర్వాత ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షలు చేయించి రికార్డు పెట్టాల్సిందీ వాళ్లే. హౌస్‌కీపింగ్‌వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. రెండోది గోప్యత. హెచ్‌బీఎస్‌ఏజీ రిపోర్టు డాక్టరు దగ్గరే ఉండాలి, హెచ్‌ఆర్‌కి ‘ఫిట్’ అన్న ముక్క చాలు. ఆ ప్యానెల్‌లోనే హెచ్‌ఐవీ పరీక్ష కలిపి పంపిస్తుంటారు. ఉద్యోగానికి షరతుగా ఆ పరీక్ష అడగడాన్ని 2017 హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం నిషేధించింది.

ఒకవేళ హెచ్‌బీఎస్‌ఏజీ నిజంగానే పాజిటివ్ వస్తే టీకా ఆపేసి లివర్ డాక్టర్ని కలవండి. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 నుంచి ఉంది, దాని కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేయించి, లేనివాళ్లకి టీకా వేయించాలి. ల్యాబ్ బెంచీ పనికి ఇది అడ్డం కాదు.

దొంగ సర్టిఫికెట్ గురించి. టైటర్ అడిగారు కాబట్టి అది మూడు నెలల్లోనే దొరికిపోతుంది, ఉద్యోగం పోతుంది. అయితే అసలు ప్రమాదం అది కాదు. రాత్రి డ్యూటీలో సూది గుచ్చుకుని క్యాజువాలిటీకి వెళ్తే అక్కడి డాక్టరు మొదట చూసేది మీ టీకా రికార్డునే. మూడు డోసులు పడి, టైటరూ బాగుందని ఉంటే ఇమ్యూనోగ్లోబులిన్ ఇవ్వకుండా పంపేస్తారు. అది 24 గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది, సూది గుచ్చుకున్న ఏడు రోజులు దాటాక ఉపయోగం ఉంటుందని చెప్పలేం. మీరు రాయించుకున్న అబద్ధమే మీకు ఆ మందు అందకుండా చేస్తుంది.

మెయిల్ ఇలా పెట్టండి, ఇన్ఫెక్షన్ కంట్రోల్ విభాగానికి కాపీ కూడా పంపండి:

‘హెపటైటిస్ బి మొదటి డోసు ఫలానా తేదీన తీసుకున్నాను, రికార్డు కాపీ జతచేశాను. రెండో డోసు ఫలానా తేదీన తీసుకున్నాను, బ్యాచ్ నంబరుతో సహా కార్డు జతచేశాను. కనీస వ్యవధి 8 వారాలు కాబట్టి మూడో డోసు ఫలానా తేదీకి, యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష ఆ తర్వాత నెలకి పూర్తవుతాయి. అప్పటివరకు టీకా కొనసాగుతున్నట్టు నమోదు చేసి జాయినింగ్‌కు అనుమతించగలరు. మూడో డోసు, టైటర్ పరీక్ష 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం ఆసుపత్రిలోనే చేయించే ఏర్పాటు ఉంటే తెలుపగలరు. రక్తపరీక్ష రిపోర్టులు మీ వైద్యాధికారికి నేరుగా అందజేస్తాను.’

రెండో డోసు వేయించుకున్నాకే ఈ మెయిల్ పంపండి. ‘వేయించుకుంటాను’ అన్న మెయిల్‌కీ, కార్డు జతచేసి ‘వేయించుకున్నాను’ అన్న మెయిల్‌కీ వచ్చే జవాబులో చాలా తేడా ఉంటుంది.

చేరాక, మూడోది పడేలోపు సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడగండి. పిండొద్దు, బ్లీచింగ్ పోయొద్దు. షిఫ్టు అయ్యేదాకా ఆగకుండా అప్పుడే రిపోర్టు చేసి, ఆ రోగి హెచ్‌బీఎస్‌ఏజీ చూడమనండి. ‘నాకు రెండు డోసులే పడ్డాయి, టైటర్ కాలేదు’ అని ఆ మాటే చెప్పండి. టీకా కార్డు ఫొటో ఫోన్లో ఉంచుకోండి, రాత్రి రెండు గంటలకి హెచ్‌ఆర్ బీరువా తాళం ఎవరి దగ్గరా ఉండదు.