దాచిన మిరప గింజలు పంచేముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది: మిద్దె మీద కుండీల్లో పెంచిన మిరపలో బాగా కారంగా కాసిన మొక్కల గింజలు తీసి పెట్టారు, తోటి మిద్దెతోట వాళ్లు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా, ఇస్తే ఎన్ని ఇవ్వాలి, పోస్టులో పంపితే బతుకుతాయా అని. ఇవ్వండి, నిక్షేపంగా ఇవ్వండి. కాకపోతే గింజతో పాటు ఒక చీటీ రాసి ఇవ్వండి. చీటీ లేకుండా మిరప గింజ ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే నయం అనేదాకా వచ్చాను నేను.

మా హైదరాబాదులో అప్పుడప్పుడు ఆదివారం పూట మిద్దెతోట వాళ్లం ఏదో ఒక పార్కులో చేరి గింజలు మార్చుకుంటాం. శుభలేఖల కవర్లలో, అగ్గిపెట్టెల్లో, మాత్రల ఖాళీ డబ్బాల్లో పోసుకుని తెస్తారు. సొర, బీర, చిక్కుడు అయితే గింజ చూడగానే ఏదో తెలిసిపోతుంది. మిరపతో ఆ సుఖం లేదు. బజ్జీ మిరప, గుంటూరు సన్నం, విపరీతమైన కారముండే నాగమిర్చి గింజల్ని పక్కపక్కన పోస్తే ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా తడుముకోవాల్సిందే. అన్నీ లేత పసుపు రంగు చిన్న బిళ్లలే. 'నాగమిర్చి' అని రాసిన పొట్లం ఒకటి నాకూ అలాగే వచ్చింది. నెలల తరబడి నీళ్లు పోసి పెంచితే చివరికి కాసినవి బజ్జీ మిరపకాయలు. ఇచ్చినాయన అబద్ధమేం ఆడలేదు, ఆయనకు ఇచ్చినవాళ్లు అలా చెప్పారు, అంతే. బజ్జీలు వేసుకుని తిన్నాం, అది వేరే సంగతి.

కాబట్టి ముందు మీ గింజ పుట్టుక తేల్చుకోండి. మీ తల్లిమొక్క కంపెనీ ప్యాకెట్ లోంచి వచ్చి, దాని మీద హైబ్రిడ్ అనో ఎఫ్‌1 అనో (రెండు రకాల్ని కలిపి పుట్టించిన మొదటి తరం అని అర్థం) ఉంటే, మీరు తీసిన గింజ రెండో తరం. అది మొలుస్తుంది, కాస్తుంది, కానీ పది మొక్కలు పది రకాలుగా రావచ్చు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి కారం, ఒకటి చప్పన. అలాంటివి పంచకూడదని కాదు. 'హైబ్రిడ్ నుంచి తీసినవి, ఏం కాస్తుందో చెప్పలేను' అని రాసి ఇస్తే సరదాగా పెంచుకునేవాళ్లు బోలెడు మంది. నాటు రకం అని చెప్పి ఇస్తేనే గొడవ.

కిరాణా కొట్టు ఎండుమిర్చి గింజల్ని కూడా చాలామంది పంచుతుంటారు. మొలవవని కాదు, కొన్ని మొలుస్తాయి. అయితే ఆ కాయ ఎండలో కళ్లంలో ఎండి, బస్తాల్లో తొక్కించుకుని, కోల్డ్ స్టోరేజీలో నెలలు గడిపి మన వంటింటికి చేరుతుంది. పైగా అందులో ఎక్కువ భాగం హైబ్రిడ్లే. దాని వంశం ఎవరికీ తెలియదు. సొంతానికి వేసుకోండి, ఊరికి పంచడానికి అది పనికిరాదు.

పంచడానికి అసలు యోగ్యమైనవి స్థిరపడిన రకాలు, అంటే తల్లి ఎలా ఉంటే పిల్లా అలాగే వచ్చేవి. గుంటూరు దగ్గరి లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334 లాంటి సూటి రకాలు (హైబ్రిడ్ కానివి), లేదా వరంగల్ వైపు చపాట లాంటి పాత నాటు రకాలు. చపాటను టమాటా మిర్చి అని కూడా అంటారు. లావుగా, ఎర్రగా, కారం తక్కువగా ఉంటుంది, పండుమిరప పచ్చడికి దాన్ని మించింది లేదు. 2025లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. చాలామంది రైతులు ఇప్పటికీ సొంత గింజే దాచుకుని వేస్తారు. నా మిద్దె మీద ప్రతి ఏడూ తప్పకుండా ఉండేది అదొక్కటే.

ఇప్పుడు అసలు చిక్కు. మిరప పువ్వు తనకు తానే పరాగ సంపర్కం చేసుకోగలదు, నిజమే. కానీ తేనెటీగలకు ఆ సంగతి అక్కర్లేదు. పరాయి పుప్పొడి పడే అవకాశం చోటును బట్టి పది శాతం లోపు నుంచి సగానికి పైగా కూడా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. మిద్దె మీద రెండేసి అడుగుల దూరంలో ఆరు రకాల మిరప పెట్టుకుంటాం కదా, అక్కడ ఏ గింజా పక్కా స్వచ్ఛం అని ప్రమాణం చేయలేం. క్యాప్సికం, బజ్జీ మిరప, సన్నం, చపాట అన్నీ ఒకే జాతి, ఇట్టే కలిసిపోతాయి. నాగమిర్చిది వేరే జాతే అయినా వీటితో కలవదన్న ధీమా వద్దు.

ఇక్కడ చాలామంది పొరపడే మాట ఒకటుంది. 'నాగమిర్చి పక్కన పెట్టాను, అందుకే నా క్యాప్సికం కారం ఎక్కింది' అంటారు. ఈ ఏడు కాసిన కాయకు అలా జరగదు. కారం పుట్టేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి ఈనెలో. అది తల్లిమొక్క భాగమే. తండ్రి ఎవరన్నది గింజ లోపల మాత్రమే నమోదవుతుంది, ఆ గింజ నాటి కాయ కోసినప్పుడే బయటపడుతుంది. అంటే మీ చెట్టు కాయ తిని చూసి 'నా గింజ స్వచ్ఛమే' అనుకోవడానికి లేదు. మీరు గింజ ఇచ్చినవాళ్లింట్లో, ఏడాది తర్వాత తేలే వ్యవహారం ఇది. పైగా కారం అనేది పైచేయి గుణం. తియ్యటి క్యాప్సికానికి కారం మిరప పుప్పొడి తగిలితే తర్వాతి తరం కారంగానే ఉంటుంది, పిల్లల టిఫిన్ బాక్సులో పెట్టేముందు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

దీనికి విరుగుడు తేలికే. పేరంటాల్లో రిటర్న్ గిఫ్టులు పెట్టి ఇస్తారే, పల్చటి ఆర్గంజా సంచులు, అవి పారేయకండి. మొగ్గలు విచ్చకముందే కొమ్మకు ఒకటి తొడిగి తాడు బిగించాలి. అప్పటికే విచ్చిన పువ్వులు, పిందెలు ఉంటే ముందుగా గిల్లేయాలి. ఉదయం పూట సంచి మీద వేలితో నాలుగు సార్లు తడితే లోపల పుప్పొడి రాలి పిందె కడుతుంది. నాలుగైదు పిందెలు నిలిచాక సంచి తీసేసి, ఆ కాయల తొడిమలకు ఎర్ర దారం కట్టాలి. దారం కట్టకపోతే ఇంట్లోవాళ్లు పప్పులోకి కోసేస్తారు. వీలైతే ఒక్క మొక్కకే కాకుండా మూడు నాలుగు మంచి మొక్కలకు ఇలా చేయండి, రకం బలం తగ్గకుండా ఉంటుంది.

గింజకు ఉంచిన కాయ చెట్టు మీదే నిండుగా పండాలి. ఎర్రబడిన రోజే కోయకండి, తోలు కొంచెం ముడత పడేదాకా ఆగండి. కోశాక రెండు మూడు రోజులు నీడన పెడితే గింజ ఇంకా గట్టిపడుతుంది. తర్వాత నిలువునా చీల్చి, చెంచా మొనతో ఈనె వెంట గీకితే గింజలు వరసగా ఊడి వస్తాయి. చేతికి గ్లవుజులు వేసుకోండి. చపాటకు అంత అవసరం లేదేమో కానీ నాగమిర్చి దగ్గర మాత్రం హీరోయిజం వద్దు. ఘాటు నీళ్లకు పోదు, నూనెలో కరుగుతుంది. మంట పట్టుకుంటే ముందు వంటనూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. ఆ చేత్తో కళ్లజోడు సర్దుకోవడం కూడా ప్రమాదమే.

ఆరబెట్టడం ఎండలో కాదు, నీడలో, గాలి ఆడే చోట, పళ్లెంలో పల్చగా పరిచి. న్యూస్‌పేపర్ మీద వేస్తే అంటుకుపోతాయి, స్టీలు పళ్లెమో పింగాణీ ప్లేటో మేలు. ఆరాయో లేదో తెలియాలంటే ఒక గింజను వేళ్ల మధ్య పట్టుకుని వంచండి. వంగితే ఇంకా తడి ఉంది, టక్కున విరిగితే సిద్ధం. ఈ దశలోనే నల్లబడ్డవి, గోధుమ రంగు మచ్చలున్నవి ఏరి పారేయండి.

మచ్చలంటే గుర్తొచ్చింది, ఇది చాలా ముఖ్యం. కాయ మీద గుంటపడి వలయాలుగా నల్లబడే కాయకుళ్లు గింజ ద్వారా కూడా వెళ్తుంది. బ్యాక్టీరియా ఆకుమచ్చ కూడా అంతే. కొన్ని రకాల మొజాయిక్ వైరస్‌లు గింజ పైపొర మీదే కూర్చుని ప్రయాణం చేస్తాయి. కాబట్టి జబ్బు పడిన మొక్క ఎంత అపురూపమైన రకమైనా దాని గింజ పంచకండి. పురుగు వల్ల వచ్చిన ముడత వేరు. తామర పురుగుతో ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లితో కిందికి ముడుచుకుంటుంది. వాటి వల్ల గింజకు ఢోకా లేదు. కానీ పురుగు ముడతో, వైరస్ వల్ల వచ్చే బొబ్బర తెగులో తేల్చుకోలేని స్థితిలో ఉంటే ఆ మొక్కను వదిలేసి పక్కదాని నుంచి తీసుకోవడమే సుఖం. ఆరోగ్యంగా ఉన్న మొక్క దొరక్కపోతే ఈ ఏడు పంచడం మానేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పంచేముందు మొలక పరీక్ష తప్పనిసరి. పది గింజల్ని తడి టిష్యూ పేపర్లో చుట్టి, మూత ఉన్న డబ్బాలో వెచ్చటి చోట పెట్టండి. మామూలు మిరప వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. నాగమిర్చి లాంటివి నెల దాకా కూడా సతాయిస్తాయి. ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోతే తీసుకున్నవాళ్లు పదో రోజున 'అన్నా, మీ గింజలు పుచ్చిపోయాయి' అని ఫోన్ చేస్తారు. పదికి ఏడెనిమిది మొలిస్తే ధైర్యంగా ఇవ్వొచ్చు. సగం కంటే తక్కువైతే ఆ మాట చీటీ మీద రాసి, గింజలు ఎక్కువ వేసి ఇవ్వండి.

ఇంతకీ చీటీ అంటే పెద్ద పత్రం కాదు. నేను రాసేది ఇలా ఉంటుంది: 'చపాట. వరంగల్ వైపు రైతు దగ్గర కొన్న పండుకాయల గింజతో పెంచిన మొక్కల నుంచి. కారం తక్కువ, రంగు ఎక్కువ. సంచి కట్టి తీసినవి. ఫిబ్రవరి 2025. పదికి ఎనిమిది మొలిచాయి.' సంచి కట్టకపోతే 'సంచి కట్టలేదు, పక్కన బజ్జీ మిరప ఉంది' అని రాస్తాను. మొన్నొక కుర్రాడు 'ఇది పక్కా చపాటేనా అన్నా?' అంటే నోటితో ఏమీ చెప్పలేదు, చీటీ చూపించాను. చదివి, బజ్జీ మిరప పక్కన లేని పొట్లం ఏరుకుని పట్టుకెళ్లాడు. నాకు కావాల్సింది అదే.

ఎన్ని ఇవ్వాలంటే, మనిషికి పదిహేను, ఇరవై చాలు. మిద్దె మీద ఇంటికి నాలుగైదు మిరప మొక్కలుంటే పచ్చడికీ కూరకూ సరిపోతుంది. ఒక గ్రాములో సుమారు 150 గింజలుంటాయి, అంటే నాలుగు మంచి కాయలు కోస్తే ఎంతమందికో వస్తాయి. ఒకరికే గుప్పెడు ఇచ్చే బదులు పదిమందికి పంచండి, ఎవరికిచ్చారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఇందులో మన స్వార్థమూ ఉంది. ఒక ఏడు వానలకు నా చపాట మొక్కలన్నీ వేరు కుళ్లి పోయాయి, డబ్బాలో గింజా అయిపోయింది. అంతకుముందు నా దగ్గర తీసుకున్న కూకట్‌పల్లి ఆవిడ ఒకరు అదే రకం గింజలు, నా చీటీకి తన వివరాలు జోడించి మరీ తిరిగి ఇచ్చారు.

పోస్టులో పంపేటప్పుడు గింజల్ని ఉత్త కవర్లో వేయకండి. ముద్ర దెబ్బకు నుజ్జవుతాయి. చిన్న కాగితం పొట్లంలో పెట్టి, దాన్ని రెండు అట్టముక్కల మధ్య ఉంచి టేపు వేయండి. ప్లాస్టిక్ జిప్ కవర్ వాడితే గింజ పూర్తిగా ఆరి ఉండాలి, లేకపోతే దారిలోనే బూజు పడుతుంది. మీ దగ్గర మిగిలినవి గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లం వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. బయట మామూలుగా ఉంచితే రెండేళ్లు బాగుంటాయి, ఆ తర్వాత మొలక పడిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తెరవొద్దు, గింజల మీద చెమ్మ పడుతుంది.

చట్టం గురించి భయపడేవాళ్లూ ఉన్నారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన గింజను దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోనూవచ్చు. రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు వేసి అమ్మడమే కూడదు. ఇరుగుపొరుగు పొట్లాల మార్పిడికి టెన్షన్ అక్కర్లేదు. విదేశాలకు మాత్రం వేరే లెక్క. అమెరికాలో ఉన్న కోడలికి ఆవకాయ పార్సిల్‌లో నాలుగు మిరప గింజలు దోపి పంపే అలవాటు మనవాళ్లకుంది. అక్కడికి గింజ వెళ్లాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పైగా టమాటా, మిరప గింజల మీద ఒక కొత్త వైరస్ భయంతో 2019లో అదనపు ఆంక్షలు పెట్టారు. పట్టుకుంటే గింజలు పోతాయి, జరిమానా కూడా పడొచ్చు. అక్కడున్నవాళ్లు అక్కడి మిద్దెతోట, పెరటితోట తెలుగువాళ్ల దగ్గరే అడిగి తీసుకోవడం మేలు.

ఇచ్చే పని మే నెలాఖరులోపు ముగించండి. మృగశిర కార్తెకు నారు పోసుకునేవాళ్లకు అప్పుడే గింజ చేతిలో ఉండాలి. మీ మొక్క ఏ రకమో మీకే తెలియకపోతే కాయ పైకి నిలబడి కాస్తుందా కిందికి వేలాడుతుందా, పువ్వు తెల్లగా ఉందా ఆకుపచ్చ ఛాయ ఉందా, ఒక కణుపు దగ్గర ఒకటే పువ్వా గుత్తిగానా, ఇవి చూసి ఇక్కడ ఫొటోతో పాటు రాయండి. జాతి వరకైతే చాలావరకు చెప్పొచ్చు.