ఎదకు వచ్చిన ముధోల్ కుక్క, గుండ్రంగా తిరిగే గొర్రెలు

సందేహం: మాకు అరవై గొర్రెల మంద ఉంది. కర్ణాటక నుంచి రెండు నెలల ముధోల్ ఆడ కుక్కపిల్లను తెచ్చుకున్నాం. ఇప్పుడు దానికి 11 నెలలు. నాలుగు రోజులుగా రక్తం చుక్కలు పడుతున్నాయి, ఎదకు వచ్చిందంటున్నారు. దీనితోపాటు పుట్టిన మగ కుక్క మా బావమరిది దగ్గర ఉంది. దానితో క్రాసింగ్ చేయిస్తే జాతి చెడదు, పిల్లలకు మంచి ధర వస్తుందని చెబుతున్నారు. చేయించవచ్చా? ఇంకో ఇబ్బంది ఏమిటంటే, గొర్రెపిల్లలు పరుగెత్తితే వెంటపడుతుంది. మొన్న ఒకదాని చెవి కొరికింది. కొట్టినా మానడం లేదు. మందకు కాపలాగా ఎలా అలవాటు చేయాలి? చిన్నపిల్లలున్న ఇల్లు కాబట్టి టెన్షన్‌గా ఉంది. అన్నట్టు, ఈ ఏడాది రెండు గొర్రెలు తల ఒక పక్కకు వంచి గుండ్రంగా తిరిగి తిరిగి చనిపోయాయి. వాటి తలకాయలు కుక్కకే వేశాం. దీనికీ కుక్కకూ సంబంధం ఉంటుందా?
— ఒక గొర్రెల పెంపకందారు, మడకశిర, శ్రీ సత్యసాయి జిల్లా

సమాధానం: మీరు చివర్లో ‘అన్నట్టు’ అని అడిగిన ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఉంది, చాలా దగ్గరి సంబంధం ఉంది. కుక్క పేగుల్లో ఉండే ఒక రకం బద్దె పురుగు గుడ్లు దాని పేడతో బయటపడి గడ్డికి అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కడుపులో గుడ్లు పొదిగి, పిల్ల పురుగులు రక్తంలో కలిసి మెదడుకు చేరతాయి. అక్కడ నీటి బుడగలా తిత్తి కట్టి నెలల తరబడి పెరుగుతాయి. మెదడు మీద ఒత్తిడి పెరిగేకొద్దీ గొర్రె తల వంచుతుంది, ఒకే వైపు తిరుగుతుంది, ఒక కన్ను సరిగా కనపడక గోడలకు కొట్టుకుంటుంది. రెండేళ్ల లోపు గొర్రెల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బును మేము ‘గిడ్’ అంటాం. ఆ తలకాయను పచ్చిగా కుక్కకు వేస్తే తిత్తిలోని పురుగులు మళ్లీ కుక్క పేగుల్లో పెద్దవై, సుమారు ఆరు వారాల్లో గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అంటే చచ్చిన గొర్రె తలకాయ వేసిన ప్రతిసారీ వచ్చే ఏడాది జబ్బుకు మనమే విత్తనం వేస్తున్నామన్నమాట.

మీ రెండు గొర్రెలకు జబ్బు తెచ్చింది మీ కుక్కేనని చెప్పలేం. మేత బయల్లో తిరిగే ఏ కుక్కైనా కావచ్చు. పైగా గుండ్రంగా తిరిగేదంతా గిడ్ కాదు. లిస్టీరియా అనే క్రిమి వల్ల కూడా తిరుగుతాయి. తేడా ఏమిటంటే, లిస్టీరియాలో జ్వరం ఉంటుంది, ముఖం ఒక పక్క వాలిపోయి చొంగ కారుతుంది, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. తొందరగా పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో బతికించుకోవచ్చు. గిడ్ నెమ్మదిగా వస్తుంది, జ్వరం ఉండదు. ఈసారి ఏ గొర్రైనా ఇలా తిరిగితే అది చచ్చేదాకా ఆగకుండా పశువైద్యుడికి చూపించండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఇక మీరు ఈ వారమే చేయాల్సింది కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు వేయడం. మామూలు నట్టల మందులన్నీ బద్దె పురుగుల మీద ఒకేలా పనిచేయవు కాబట్టి బిళ్ల మీద ఆ పేరు ఉందో లేదో చూసుకోండి. మందకు తాగించే మందునే కొంచెం కుక్కకూ పోసే అలవాటు చాలాచోట్ల ఉంది, అది మానుకోండి. గొర్రెలకు వాడే క్లోసాంటెల్ మోతాదు మించితే కుక్క కంటిచూపే పోవచ్చు. మందు వేసిన తర్వాత రెండు మూడు రోజులు కుక్కను కట్టి ఉంచి, దాని పేడను తీసి కాల్చేయండి లేదా లోతుగా పూడ్చండి. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు. ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మందు వేస్తూ ఉండండి. మందతో తిరిగే కుక్కకు ఏడాదికి ఒకటి రెండుసార్లు సరిపోదు.

జాతరలప్పుడు, ఇంట్లో కోసినప్పుడు తలకాయ, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చిగా వేయకండి. కాలేయం మీద నీటి బుగ్గలు మీరు చూసే ఉంటారు. అది మరో రకం బద్దె పురుగు. దాని గుడ్లు కుక్క వెంట్రుకలకు అంటుకుని మన చేతుల మీదుగా కడుపులోకి పోతే మనిషి కాలేయంలో కూడా అలాంటి బుగ్గలే కడతాయి, ఆపరేషన్ దాకా పోతుంది. కుక్కతో ఆడిన పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టాలి. కుక్కకు మాంసం పెట్టాలనుకుంటే బాగా ఉడికించి పెట్టండి.

ఇప్పుడు క్రాసింగ్ సంగతి. వద్దు. పదకొండు నెలల కుక్క ఒళ్లు ఇంకా పూర్తిగా ఎదగలేదు. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు కూడా 18 నెలలు నిండని కుక్కను చూలు కట్టించకూడదని, ఏడాదికి ఒక ఈత కంటే ఎక్కువ వద్దని, జీవితం మొత్తం మీద అయిదు ఈతలు దాటకూడదని చెబుతున్నాయి. తోబుట్టువులను కలపడాన్నీ అవి ఒప్పుకోవు. ‘జాతి చెడదు’ అన్న మాటలో సగమే నిజం. రంగు, రూపం నిలబడతాయి. వాటితోపాటు ఇద్దరిలోనూ దాగి ఉన్న లోపాలు కూడా పిల్లల్లో జతపడి బయటికి వస్తాయి. చచ్చి పుట్టేవి, గుండె లోపంతో పుట్టేవి, ఎదుగుదల లేనివి అలాంటి ఈతల్లో ఎక్కువ.

అయితే క్రాసింగ్ చేయించకపోతే సరిపోదు, జరగకుండా కూడా చూసుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. రక్తం పడే మొదటి తొమ్మిది పది రోజులు ఆడ కుక్క మగవాటిని దగ్గరికి రానివ్వదు. ఆ తర్వాత రక్తం పలచబడి ఎండుగడ్డి రంగుకు మారుతుంది. ‘హమ్మయ్య, ఎద అయిపోయింది’ అని మనం గొలుసు విప్పేది సరిగ్గా అప్పుడే, అది మగ కుక్కను ఒప్పుకునేది కూడా అప్పుడే. మొదటి చుక్క కనిపించిన రోజు నుంచి మూడు వారాలకు పైగా, వాపు పూర్తిగా తగ్గేదాకా తలుపున్న గదిలో ఉంచండి. బయట చెట్టుకు కట్టేస్తే లాభం లేదు. ఊరి కుక్కలన్నీ అక్కడికే వస్తాయి, కట్టి ఉన్నది తప్పించుకోలేదు. బయటికి తీసుకెళ్లినప్పుడు తాడు మీ చేతిలోనే ఉండాలి. మీ బావమరిది కుక్క కూడా ఈ మూడు వారాలు మీ ఇంటికి రాకూడదు.

ఒకవేళ కలిసి అతుక్కుపోతే కర్రలతో కొట్టి, నీళ్లు పోసి విడదీయకండి, రెండింటికీ లోపల గాయాలవుతాయి. పావుగంట, అరగంటలో వాటంతటవే విడిపోతాయి. ఆ తర్వాత డాక్టరును కలవండి. మనుషుల గర్భనిరోధక మాత్రలు, ఎవరో చెప్పిన హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తే గర్భసంచిలో చీము పట్టి కుక్కే పోయే ప్రమాదం ఉంది.

ఊరి కుక్కలతో కలిస్తే వచ్చే మరో సమస్య మా ఆసుపత్రుల్లో తరచూ చూస్తుంటాం. జననాంగం దగ్గర గోబీ పువ్వులాంటి గడ్డ లేచి, ఎద కాలం కాకపోయినా రక్తం కారుతూ ఉంటుంది. ఇది కలయిక ద్వారా ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకునే క్యాన్సర్. భయపడకండి, వారానికొకటి చొప్పున కొన్ని విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో చాలావరకు పూర్తిగా నయమవుతుంది. కానీ ఎప్పుడూ ఎద రక్తమేలే అని వదిలేసి నెలల తర్వాత తీసుకొస్తారు.

ధర మాట కూడా మాట్లాడుకుందాం. అమ్మకం కోసం పిల్లలు తీయాలంటే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను అమ్మకూడదు. ఆ ఎనిమిది వారాలు తల్లికి రెండు మూడింతల తిండి పెట్టాలి, పిల్లలన్నిటికీ రెండో వారం నుంచే నట్టల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించాలి. పార్వో అనే వైరస్ సోకిందంటే రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ఈత మొత్తం ఖాళీ అవుతుంది. ఇంత చేసి అమ్మాక మీ ప్రాంతంలో ముధోల్ పిల్లను కొనేవాళ్లలో కొందరు వేట కోసమే కొంటారని మీకు తెలియంది కాదు. చెవులపిల్లి వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మీరు ఇచ్చిన కుక్క రేపు అడవిలో పట్టుబడితే ఎవరిదని అడుగుతారు? నా అభిప్రాయం అడిగితే, ఈ ఎద ముగిసిన రెండు మూడు నెలలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయండి. ఒక్క ఈతైనా ఈనితేనే ఆరోగ్యంగా ఉంటుందన్న మాటకు ఆధారం లేదు. నిజానికి త్వరగా ఆపరేషన్ అయిన కుక్కల్లో రొమ్ము గడ్డలు తక్కువ, గర్భసంచికి చీము పట్టడం అసలు ఉండదు. పిల్లలు తీసే తీరాలనుకుంటే మాత్రం కనీసం మరో ఎద దాకా ఆగి, వయసు నిండాక, రక్తసంబంధం లేని మగ కుక్కను వెతకండి. ముధోల్ తాలూకా తిమ్మాపూర్‌లో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం వారి కుక్కల పరిశోధన కేంద్రం ఉంది, ఈ జాతి గురించి అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

మంద వెంట పడటం గురించి కాస్త నిష్ఠురంగానే చెప్పాలి. ముధోల్ చూపుతో వేటాడే కుక్క. ఎదురుగా ఏది పరుగెత్తినా వెంటాడాలన్నది తరతరాలుగా ఏరి కూర్చిన గుణం. మీరు దాన్ని కొడుతున్నది అది పుట్టిన పని చేస్తున్నందుకు. మందకు కాపలా కాసే కుక్క గుణం వేరు. అది గొర్రెల మధ్యే పెరిగి వాటిని తన గుంపుగా అనుకోవాలి, ఆ అలవాటు మూడు వారాల వయసు నుంచి మూడు నాలుగు నెలల్లోపు పడాలి. మీ దానికి ఆ వయసు దాటిపోయింది. కాబట్టి దీన్ని మందలో ఒంటరిగా వదిలే ఆశ పెట్టుకోకండి. రాత్రి ఇంటి దగ్గర, దొడ్డి బయట అలికిడికి మొరగడానికి బాగా పనికొస్తుంది. మంద కోసమైతే మీ చుట్టుపక్కల కాపరుల దగ్గర దొడ్డిలోనే ఈనిన నాటు కుక్క పిల్లను ఎనిమిది వారాలకు తెచ్చుకోండి. ఖర్చూ తక్కువ, ఎండకూ తట్టుకుంటుంది.

అయినా వెంటపడకుండా నేర్పాల్సిందే, ఒకే ఇంట్లో ఉంటాయి కదా. ఇరవై అడుగుల నూలు తాడు కట్టి, గొర్రెలు కనిపిస్తున్నా ఇది గింజుకోనంత దూరంలో నిలబడండి. అటు చూసి తిరిగి మీ వైపు చూసిన క్షణంలోనే ఉడికించిన గుడ్డు ముక్క నోటికివ్వండి. అయిదు నిమిషాలు చాలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కుదురుగా ఉన్న కొద్దీ కొన్ని అడుగులు దగ్గరికి జరగండి. గింజుకుంటే మీరు తొందరపడ్డారని అర్థం, వెనక్కి రండి. ‘రా’, ‘వద్దు’ అనే రెండు మాటలు ఇంట్లో అందరూ ఒకేలా వాడండి. పిలిచి కొట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి, మరుసటిసారి పిలిస్తే రాదు. ఈ పాఠానికి ముందు బాగా పరుగెత్తించండి. రోజంతా గొలుసుకు కట్టి ఉన్న ముధోల్‌కు సాయంత్రం గొర్రెపిల్ల కనిపిస్తే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? కరుకుదనం రావాలని మిరపకాయలు తినిపించడం, చెవులు కోయడం లాంటివి ఎవరైనా చెబితే వినకండి. నొప్పితో ఉన్న కుక్క ముందుగా కరిచేది ఇంట్లో పిల్లలనే.

మీ ఉత్తరంలో రేబిస్ టీకా మాట లేదు. వేయించకపోతే వెంటనే వేయించండి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన బూస్టరు, ఏటా ఒకటి. చెవి కొరికిన గొర్రెపిల్ల గాయాన్ని సబ్బు నీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి. కుక్కను పది రోజులు గమనించండి, ఆరోగ్యంగా ఉంటే ఆ కాటుతో రేబిస్ భయం లేదు. ఇంట్లో ఎవరికైనా పన్ను దిగినా, చర్మం గీరుకున్నా పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. సున్నం, కారం, ఆకు పసరు పూయవద్దు. కుక్క బాగానే ఉంది కదా అని మనిషికి టీకా ఆపకండి.

తిండి గురించి మీరు అడగలేదు గానీ, రాగి సంగటి, మజ్జిగ మీదే పెంచితే కుక్కకు కావాల్సినంత మాంసకృత్తులు అందవు. సంగటిలో రోజూ ఒక ఉడికించిన గుడ్డో, ఎముకలు తీసేసిన కోడి మాంసమో కలపండి. చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపిస్తే కంగారు పడి ఎక్కువ పెట్టకండి, ముధోల్ ఒళ్లు అలాగే ఉంటుంది. దాని బరువు మాత్రం ఒకసారి తూయండి. కుక్కను ఎత్తుకుని మీరు తూకం మీద నిలబడి, తర్వాత మీ ఒక్కరి బరువు తీసేస్తే సరిపోతుంది. నట్టల బిళ్లలు చాలావరకు పది కిలోలకు ఒకటి చొప్పున వేయాలి కాబట్టి మందుల షాపుకు వెళ్లే ముందే ఆ అంకె మీ దగ్గర ఉండాలి.